మాకు పరీక్ష పెట్టలేదు

నేను రిటైరై రెండేళ్లు దాటింది. ఇప్పటికీ ఎవరైనా "ఆడపిల్లలు కదండీ" అని మాట మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట తరవాత వచ్చేది ఎంత మర్యాదగా వచ్చినా సరే, ఏదో ఒక పనిని ఆడపిల్లల చేతుల్లోంచి లాక్కోవడానికే వస్తుందని ముప్ఫై మూడేళ్ల ఉద్యోగం నాకు నేర్పింది. ఈమధ్య స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో కొత్తగా గైడ్ కెప్టెన్లయిన టీచర్లు కొందరు ఫోన్ చేసి, మీ అనుభవం ఏదైనా రాసివ్వండి మేడమ్, చదువుకుంటాం అన్నారు. తాడు ముడులూ టెంటు కట్టడాలూ రాస్తాననుకుని ఉంటారు. అవి పుస్తకాల్లో ఉన్నాయి. నేను రాసేది నాకు కోపం తెప్పించిన ఒక సంగతి. ఆ కోపంలో కొంత వాటా నాకూ ఉంది.

నేను సోషల్ టీచర్ని. చివరి పదకొండేళ్లూ గోదావరి గట్టున ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేశాను. బడి వెనక గట్టెక్కితే దూరంగా పట్టిసీమ గుట్ట కనపడేది. మా పిల్లల్లో సగం మంది పొలం పనులకి వెళ్లేవాళ్ల పిల్లలు, మిగతా సగం రేవులో వల వేసి బతికేవాళ్ల పిల్లలు. బడిలో గైడ్ యూనిట్ పెట్టాలని కాగితం వచ్చినప్పుడు, ఎవరు తీసుకుంటారని హెడ్మాస్టరు గారు అడిగితే స్టాఫ్ రూములో అందరికీ ఒక్కసారిగా దిద్దాల్సిన పేపర్లు గుర్తొచ్చాయి. నేను చెయ్యెత్తాను.

దానికి కారణం ఉంది. మా నాన్నగారు లూథరన్ చర్చి బడిలో మాస్టారు. నేను చదివింది మిషన్ వాళ్ల ఆడపిల్లల బడిలో. అక్కడ మా గైడ్ కెప్టెన్ ఒక పెద్దావిడ. పల్చని మనిషి, పెద్ద గొంతు. ఏడాదికోసారి మమ్మల్ని ఇసుక తిప్పల మీదకి తీసుకెళ్లి మూడు రోజులు టెంట్లలో ఉంచేవారు. మా టెంటు మేమే కట్టాలి, మా కట్టె మేమే ఏరాలి, మా అన్నం మేమే వండుకోవాలి. అన్నం మాడితే మాడిందే తినాలి. మా అమ్మ చర్చిలో ప్రార్థన చేయించి, దుప్పటి చేతికిచ్చి పంపేది. ఆడపిల్లలు కదా అని ఎవరూ అన్నట్టు నాకు గుర్తు లేదు. యాభై ఏళ్ల కిందటి మాట ఇది. ఆ తరవాత లోకం ముందుకెళ్లిందని అందరూ అంటారు.

సరే, పన్నెండు మంది ఎనిమిదో తరగతి అమ్మాయిలతో మొదలుపెట్టాను. సాయంత్రం బడి వదిలాక గట్టు మీదకి వెళ్లేవాళ్లం. బడిలో టెంట్లు లేవు. ధాన్యం మీద కప్పే పాత టార్పాలిన్లు రెండు, వెదురు గడలు నాలుగు అడిగి తెచ్చుకున్నాం. వాటితోనే కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం. రెండే రెండు అగ్గిపుల్లలతో పొయ్యి రాజేయడం నేర్చుకున్నారు. తాడు అవతలికి వేయకుండానే నది పాయ వెడల్పు లెక్కగట్టడం నేర్చుకున్నారు. రెండేళ్లలో వాళ్ల అరచేతులు గరుకెక్కాయి. ఒకమ్మాయి వాళ్ల నాన్నమ్మ వచ్చి ఇదేం చదువమ్మా అని నన్ను నిలదీసింది కూడా.

ఆ పన్నెండు మందికి లీడరు రేవు దగ్గరమ్మాయి. తండ్రి చేపలు పడతాడు. తల్లి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరుగుతుంది. ఈ పిల్ల క్లాసులో మరీ ముందుండేది కాదు. చదవడం నెమ్మది, రాయడం ఇంకా నెమ్మది. కానీ రాసిందేదైనా జరిగింది జరిగినట్టుండేది. ప్రతి గైడూ తను చేసిన పనులన్నీ ఒక లాగ్ బుక్కులో రాసుకోవాలి. దాని మీద కెప్టెన్ సంతకం చేయాలి. ఒక వారం నేను మీటింగని వెళ్లాను. తరవాత పుస్తకాలు చూస్తే మిగతా పదకొండు మందీ "మేడమ్ గారి పర్యవేక్షణలో ముడులు నేర్చుకున్నాం" అని రాశారు. ఈమె మాత్రం "మేడమ్ రాలేదు. మేమే వేసుకున్నాం. రెండు ముడులు రాలేదు" అని రాసింది. నవ్వుకుని సంతకం పెట్టాను.

పదో తరగతిలో ఉండగా డిసెంబరులో రాష్ట్ర స్థాయి పురస్కారానికి పరీక్షా శిబిరం వచ్చింది. దిగువన ఒక ఊళ్లో పెద్ద బడి ఆవరణ, మూడు రోజులు. నాలుగు బళ్ల నుంచి మగపిల్లలు, రెండు బళ్ల నుంచి ఆడపిల్లలు. మా బడి మగపిల్లల్ని మా లెక్కల మాస్టారు తీసుకొచ్చారు. మంచివాడు, ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. శిబిరానికి పెద్దగా జిల్లా నుంచి ఒక అధికారి వచ్చారు. ఆయన పేరు రాయను, హోదా కూడా రాయను. మడత నలగని యూనిఫాం, మెత్తని మాట. ఎవరినీ అమ్మా అనకుండా పలకరించరు.

మొదటి రోజు పొద్దున్నే ఆయన ఏర్పాట్లు చెప్పారు. మగపిల్లలకి మైదానంలో టెంట్లు. ఆడపిల్లలకి తరగతి గదులు. మూడో రోజు పెద్దవాళ్లు వస్తున్నారు కాబట్టి ఆడపిల్లలు స్వాగతం పాటా కోలాటమూ సిద్ధం చేసుకోవాలి. ఈలోగా వంటవాళ్లకి కాస్త సాయం పట్టాలి. మరి వీళ్ల పరీక్షలు ఎప్పుడండీ అని అడిగాను.

"ఆడపిల్లలు కదండీ, ఎండలో ఎందుకు తిప్పడం? అందరికీ పాస్ వేసేద్దాం. మీరేం కంగారుపడకండమ్మా" అన్నారాయన.

వాళ్లు రెండేళ్లు దీని కోసమే నేర్చుకున్నారని చెప్పాను. ఆయన నవ్వుతూనే, రేపు ఏదైనా జరిగితే జవాబు చెప్పేది మీరా నేనా అని అడిగారు. మగపిల్లలకి ఏదైనా జరిగితే ఎవరు చెబుతారని నేను తిరిగి అడగాల్సింది. ఆ మాట నాకు తట్టింది. తట్టినా నోరు మూసుకున్నాను. లెక్కల మాస్టారు నన్ను పక్కకి పిలిచి, కాగితం చేతికొచ్చిందా లేదా అదే చూసుకోండి మేడమ్ గారు, పిల్లలకి పనికొస్తుంది అన్నారు. నిజమేననిపించింది. పిల్లల్ని కూర్చోబెట్టి, చెప్పినట్టు చేయండి, సర్టిఫికెట్ వస్తుంది అని సర్దిచెప్పాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. నేను చెప్పాను కాబట్టి చెప్పలేదు.

ఆ మూడు రోజులూ నాకు కళ్లముందే ఉన్నాయి. మా పిల్లలు వంటపాక కింద ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఎదురుగా మైదానంలో మగపిల్లలు టెంట్లు కడుతున్నారు. ఒక టెంటుకి మేకు సరిగా దిగక ఒక పక్కకి ఒరిగిపోయింది. కుర్రాళ్లు ఆ తాడు పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నారు. మా లీడరమ్మాయి కత్తిపీట దగ్గరి నుంచి లేచి పరుగెత్తింది. నాలుగడుగులు వేసిందో లేదో, వంటాయన కేకేశాడు, ఉల్లిపాయలు అవలేదు అని. ఆ పిల్ల నిలబడి నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. ఆమె వెనక్కొచ్చి కూర్చుంది.

మూడో రోజు పెద్దవాళ్లొచ్చారు. మా పిల్లలు కోలాటం ఆడారు. బాగా ఆడారని అందరూ మెచ్చుకున్నారు. టెంటు, నిప్పు, తాళ్లు, నది వెడల్పు, అన్నిట్లోనూ పన్నెండు మందీ పాస్ అని పట్టీ చదివారు.

బడికి తిరిగొచ్చాక లాగ్ బుక్కులు పూర్తిచేసి పైకి పంపాలి. శిబిరంలో టెంటు కట్టాం, నిప్పు రాజేశాం అని ఎలా రాయాలో బోర్డు మీద నేనే రాసిచ్చాను. పదకొండు మంది దింపుకున్నారు. పన్నెండో పుస్తకంలో ఆ పేజీ ఇలా ఉంది: "నాకు టెంటు పరీక్ష పెట్టలేదు. నిప్పు పరీక్ష పెట్టలేదు. తాళ్ల పరీక్ష పెట్టలేదు. నది వెడల్పు పరీక్ష పెట్టలేదు. ఉల్లిపాయలు తరిగాను. కోలాటం ఆడాను. పాస్ అన్నారు."

ఆ పిల్లని స్టాఫ్ రూముకి పిలిపించాను. ఆ పేజీ తీసేసి మళ్లీ రాయమన్నాను. ఎందుకని అడుగుతుందని, అడిగితే ఏం చెప్పాలోనని ఆలోచించి పెట్టుకున్నాను. ఆమె ఎందుకని అడగలేదు. కొత్త పేజీ తెరిచి పెన్ను పట్టుకుంది.

"ఏం రాయమంటారు మేడమ్?"

"టెంటు కట్టానని రాయి."

"ఎక్కడ కట్టానని రాయను?"

నేను బల్ల మీది పుస్తకాలు సర్దాను.

"మీరు చెప్పండి, రాస్తాను" అంది.

వెటకారం ఏమీ లేదు ఆ గొంతులో. నేను చెబితే నిజంగానే రాసేది. పెన్ను కాగితం మీద ఆనించి కూర్చుంది. నేనేమో ఆ ఒక్క వాక్యం చెప్పలేకపోయాను. ముప్ఫై మూడేళ్లలో ఎన్ని పాఠాలు డిక్టేట్ చేశానో. క్లాసుకి వెళ్లమని పంపేసి, మిగతా పదకొండు పుస్తకాలూ ముందేసుకున్నాను. అన్నిట్లోనూ నా ఎర్ర సిరా సంతకం. పిల్లలకి మేం నేర్పే మొదటి నియమం, గైడ్ మాట నమ్మదగినదై ఉండాలని. దాన్ని నేను ప్రతి జూన్‌లోనూ బోర్డు మీద రాసేదాన్ని. నాకు ఆ అధికారి గారి మీద కోపం వచ్చిందా, నా మీద వచ్చిందా అంటే, ముందు నా మీదే వచ్చింది. ఆ తరవాత, ఒక పదిహేనేళ్ల పిల్ల చేత అబద్ధం రాయించే స్థితికి నన్ను తెచ్చిన ఆ మెత్తని మాట మీద వచ్చింది. అది ఇంకా పోలేదు.

మర్నాడు పన్నెండు మందినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. బోర్డు మీద నేను రాసింది తప్పు, జరిగింది జరిగినట్టు రాసి, పరీక్ష పెట్టమని అడుగుదాం, దాంతో పురస్కారం పోవచ్చు, ఆలోచించుకోండి అన్నాను. ఇద్దరు ఏడ్చారు. ఒకమ్మాయి తల్లి బడికొచ్చి గట్టిగానే మాట్లాడింది. కూలికి పోయే మనిషి. ఆ సర్టిఫికెట్ రేపు సీటుకి పనికొస్తుందని విని రెండేళ్లు పిల్లని సాయంత్రం పనుల నుంచి వదిలేసింది. ఆవిడకి నేను చెప్పగలిగింది ఏమీ లేదు, తప్పు నాదేనండి అని తప్ప. పిల్లలు మాత్రం రెండ్రోజులు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని వచ్చి, పరీక్ష పెట్టించండి మేడమ్, పాసైతే పాసవుతాం అన్నారు.

మిగతా పదకొండు మందీ ఆ పేజీ తిరగరాశారు. పరీక్ష పెట్టమని నేను రాసిన ఉత్తరం హెడ్మాస్టరు గారు చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. మీరు ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతున్నారు, ఇప్పుడు ఇదెందుకండి మేడమ్ గారు అన్నారు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడండి అన్నాను. ఆయన సంతకం పెట్టలేదు. పెట్టొద్దని ఆపనూ లేదు. పుస్తకాలతో కలిపి నేనే పైకి పంపాను.

వారం తిరక్కుండా అధికారి గారి ఫోన్ వచ్చింది. ఈసారి అమ్మా లేదు. "పన్నెండు మంది ఒకే మాట రాశారంటే మీరే రాయించారన్నమాట" అన్నారు.

"అంతకుముందు అబద్ధం రాయించింది కూడా నేనేనండి. అప్పుడెవరూ అడగలేదు" అన్నాను.

ఆ తరవాత మెమో వచ్చింది. శిబిరం ప్రతిష్ఠకి భంగం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వమని. దాన్ని చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. పరీక్ష పెట్టకుండా పాస్ వేసిన మనిషికి మెమో లేదు. పెట్టమని అడిగిన దానికి మెమో. నాలుగు వాక్యాల్లో జవాబు రాశాను. సంతకం చేస్తుంటే లెక్కల మాస్టారు వచ్చి పక్కన నిలబడ్డారు. ఆ కాగితం ఇలా ఇవ్వండి అని తీసుకుని, "ఆడపిల్లలకు పరీక్షలు జరగలేదు, నేను అక్కడే ఉన్నాను" అని కింద రాసి సంతకం పెట్టారు. ఎవరితోనూ పేచీ పెట్టుకోని మనిషి.

పైన ఎవరు చదివారో, ఏమనుకున్నారో నాకు తెలియదు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా రేవు దగ్గరే పరీక్ష పెడతామని ఉత్తరం వచ్చింది. పాలకొల్లు వైపు నుంచి ఒక రిటైరైన స్కౌట్ మాస్టారిని పంపారు. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, చేతికర్ర. ఆ ఆదివారం నేను చర్చికి వెళ్లలేదు. పొద్దున్న ఆరింటికల్లా పన్నెండు మందీ రేవులో ఉన్నారు. అవతలి గట్టు కనపడనంత మంచు.

పాతకాలపు మనిషి ఆయన. ఎవరినీ మెచ్చుకోరు, ఎవరినీ విసుక్కోరు. టెంటు తాడు ఒక్కొక్కటే లాగి చూశారు. ఒక టెంటు మూల జారితే మళ్లీ కట్టమన్నారు. మంచు విడిచాక పాయ వెడల్పు లెక్కగట్టించి, రేవులో పడవ వాళ్లని పిలిచి సరిచూసుకున్నారు. పరీక్ష అంటే భయపడే పిల్లల్ని చూశాను గానీ, పరీక్ష పెడుతున్నందుకు అంత సంబరపడే పిల్లల్ని చూడటం అదే మొదలు.

చివర నిప్పు. ఎవరి కట్టె వాళ్లే ఏరుకోవాలి, ఒక్కొక్కరికి రెండే అగ్గిపుల్లలు. ఒడ్డున దొరికిన పుల్లలన్నీ మంచుకి తడిసి ఉన్నాయి. ఒక్కొక్క పొయ్యీ రాజుకుంటోంది. పెద్దాయన అటు చివర ఇద్దరు పిల్లల దగ్గర నిలబడి ఉన్నారు. లీడరమ్మాయి పొయ్యి ఇటు చివర ఉంది. నేనూ చూడలేదు. చూసేసరికి ఆమె పొయ్యి మీద గిన్నె ఉంది, మంట బాగానే ఉంది. ఆమె లేచి, పావడాకి చేతులు తుడుచుకుని, ఆయన దగ్గరికి వెళ్లింది.

"నాది మూడో పుల్లకి వెలిగిందండి. పక్కమ్మాయిని అడిగి తీసుకున్నాను" అంది.

ఆయన ఒక క్షణం ఆమెని చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నారు. నేను పరుగున వెళ్లాను. ఏం రాశారండీ అన్నాను. నిప్పులో తప్పింది మేడమ్ గారు అన్నారు. నాకు ఉన్న పళంగా కోపం వచ్చేసింది.

"మీరు చూడలేదు కదండీ" అన్నాను.

"ఆ అమ్మాయి చూసింది కదండీ" అన్నారాయన.

వాదించాను. తడి కట్టె అన్నాను. ఈ పరీక్ష జరిగిందే ఆ పిల్ల వల్ల అన్నాను. ఏ పుల్లా గియ్యకుండా పాసైన ఆ రెండో బడి ఆడపిల్లలకి లేని రూలు ఈమెకి ఎందుకండీ అన్నాను. ఆయన కర్ర మీద ఒరిగి అంతా విన్నారు. కొంత వ్యవధి తరవాత ఆ ఒక్క అంశం మళ్లీ రాయొచ్చన్నారు. అప్పటికి పదో తరగతి అయిపోయి బడి వదిలేస్తుంది, మా యూనిట్లో ఉండదు అన్నాను. "మీ కోపం నాకూ ఉందండి. కానీ నా చేతిలో ఉన్నది ఈ ఒక్క కాగితమే. దీన్నైనా సరిగా రాయనివ్వండి" అన్నారు. నేను పక్కకి జరిగాను.

పదకొండు మంది నెగ్గారు. బడికొచ్చి దెబ్బలాడిన ఆ తల్లి కూతురు కూడా నెగ్గింది. పరీక్షలు పెట్టించిన పిల్ల తప్పింది.

ఏప్రిల్‌లో రాజమండ్రిలో పురస్కారాలిచ్చే సభ. అందరం ఒకే వ్యాన్లో వెళ్లాం. లీడరమ్మాయి కూడా ఇస్త్రీ యూనిఫాం వేసుకుని, తండ్రితో కలిసి వచ్చింది. స్నేహితులు వేదికెక్కుతుంటే చూడాలని. అధికారి గారు మైకు ముందుకొచ్చి, మన జిల్లాలో ఆడపిల్లలకి ఆరుబయట పరీక్షలు పెట్టే మంచి పద్ధతిని మేమే ప్రారంభించాం అన్నారు. చప్పట్లు కొట్టారు. కాసేపటికి కెప్టెన్లని వేదిక మీదకి పిలిచి శాలువాలు కప్పారు. నా వంతు వచ్చినప్పుడు మైకు దగ్గర్లోనే ఉంది. తీసుకున్నాను.

ఈ పరీక్షలు ప్రారంభించింది వేదిక మీద ఉన్నవాళ్లెవరూ కాదన్నాను. ఉల్లిపాయలు తరిగించి పాస్ వేశారన్నాను. అది రాసిన పిల్ల ఎదురుగా మూడో వరసలో కూర్చుందన్నాను. పరీక్ష పెట్టించుకుని, అగ్గిపుల్ల ఒకటి ఎక్కువైందని తనే చెప్పి తప్పిన పిల్ల ఆమె, అందుకే ఈ వేదిక మీద లేదన్నాను. హాలంతా ఆమె వైపు తిరిగింది. లెక్కల మాస్టారు లేచి చప్పట్లు కొట్టారు. తరవాత చాలామంది కొట్టారు. అధికారి గారు నవ్వుతూ నమస్కారం పెట్టారు, అదేదో ఆయన్ని పొగిడినట్టు. నేను మెట్లు దిగుతుంటే, ఇన్నాళ్లకి నోరు తెరిచానని నాకు నేనే పెద్ద మనిషినైపోయినట్టుంది.

వ్యాను దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల నా వైపు చూడలేదు. పక్కన కూర్చోబోతే మొహం తిప్పుకుంది. ఏమైందే అన్నాను.

"నేను తప్పానని అందరికీ ఎందుకు చెప్పారు మేడమ్?"

"నీ గురించి గొప్పగా చెప్పాను కదమ్మా."

"నన్ను అడగలేదు కదండీ" అంది. కళ్లనిండా నీళ్లు.

వాళ్ల నాన్న, ఊరుకోవే అని కసిరాడు. ఊరుకోమనొద్దని ఆయనకి చెప్పాను. ఆ పిల్ల అన్నది నిజం. అధికారి గారు మా పిల్లల్ని అడక్కుండా పాస్ చేశారు. నేను ఆమెని అడక్కుండా మొదట అబద్ధం రాయించబోయాను, ఆఖరికి ఆమె తప్పడాన్ని కూడా అడక్కుండానే నా ఉపన్యాసానికి వాడుకున్నాను. వ్యాన్లో అందరూ వింటుండగా క్షమించమని అడిగాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే, సరేలెండి అంది.

టీచరమ్మలూ, మీకు చెప్పదలచుకున్నది ఇంతే. పిల్లలకి పరీక్ష పెట్టకుండా పాస్ వేస్తామని ఎవరైనా మెత్తగా చెబితే, అక్కడే, ఆ రోజే కాదనండి. నాలాగా లాగ్ బుక్కుల దాకా ఆగకండి. వాళ్ల తరఫున కోపం తెచ్చుకోండి, తప్పులేదు. కానీ వాళ్ల తరఫున మాట్లాడే ముందు వాళ్లని అడగండి.

ఇది రాసే ముందు నేను అడిగాను. ఆమె ఇప్పుడు డిప్లొమా చదువుతోంది. ఫోన్ చేసి, పేరు రాయనమ్మా, మూడో పుల్ల సంగతి మాత్రం రాయొచ్చా అన్నాను.

"రాయండి మేడమ్. మర్నాడు పొద్దున్న అదే చోట ఒక్క పుల్లతో వెలిగించానని కూడా రాయండి" అంది.

ఆ సంగతి నాకు ఇన్నాళ్లూ తెలియదు. రాశాను.